లిఫ్ట్ కిట్ బిగించాక మిగిలే పని: జిమ్నీ, థార్, పాత కమాను కట్టల బండ్లకు సస్పెన్షన్ సెట్టింగు

లిఫ్ట్ కిట్ అంటే బండిని ఎత్తు చేసే స్ప్రింగులు, షాకుల సెట్టు. వాటిని మార్చడం ఒక పూట పని. జాకీ, స్టాండ్లు, పానాలు ఉంటే చేయి తిరిగిన మెకానిక్ సాయంత్రానికి బండి ఇచ్చేస్తాడు. ఆ సాయంత్రం బండి అందంగానే కనిపిస్తుంది. తర్వాత హైవే ఎక్కితే 80 దాటగానే స్టీరింగు తేలిపోతుంది. రెండు నెలలకు కడ్డీల చివరనుండే రబ్బరు బుష్‌లు చిరుగుతాయి. రాత్రి ఎదురొచ్చే ప్రతి వాడూ డిప్పర్ కొడతాడు. చాలాసార్లు తప్పు కిట్‌ది కాదు. బండి 50 మి.మీ. లేచాక ప్రతి కడ్డీ, ప్రతి కోణం, ప్రతి గొట్టం కొత్త చోట నిలబడుతుంది. వాటిని ఆ కొత్త ఎత్తుకు తగ్గట్టు సర్దితేనే బిగించిన పని పూర్తయినట్టు.

ఇక్కడ చెప్పేదంతా 40 నుంచి 50 మి.మీ. లిఫ్ట్ గురించే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తిరిగే బండికి అంతకు మించి అవసరం రాదు. మామిడి తోటల బాటలు, క్వారీ దగ్గరి కంకర దారులు, స్వర్ణముఖి ఇసుక, వానాకాలం కొట్టుకుపోయిన కల్వర్టులు, ఇవన్నీ ఈ ఎత్తుకు లొంగేవే. ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. జిమ్నీ లాంటి రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ ఒకే ఇరుసు గొట్టం కలిపే) బండికి లిఫ్ట్ వేస్తే బాడీ లేస్తుంది గానీ, యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు, తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కిట్ కొనకముందే ఆర్టీఓ ఆఫీసులోనూ, బీమా కంపెనీలోనూ అడిగి, వాళ్లు చెప్పింది రాతపూర్వకంగా తీసుకోండి. శేషాచలం అడవి బాటల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా దిగకండి.

విప్పకముందే తీసుకోవాల్సిన కొలతలు

పాత ఎత్తు ఎంతో రాసి పెట్టుకోకపోతే కొత్త ఎత్తు సరైందో కాదో తేల్చే దారి ఉండదు. చక్రం మధ్యబిందువు నుంచి, సరిగ్గా దాని పైనున్న ఫెండర్ అంచు వరకు టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, అరుగుదల కలిసిపోయి లెక్క తప్పుతుంది. నాలుగు చక్రాలకూ కొలిచి, మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే ఫెండర్ లోపలి వైపు అంటించండి. డీజిలో పెట్రోలో ట్యాంకు నిండుగా, బండిలో మనుషులు లేకుండా, టైర్లలో స్టిక్కరు మీదున్నంత గాలితో కొలవాలి. ఇక్కడి ఎండకు మధ్యాహ్నం టైరు గాలి నాలుగైదు పీఎస్‌ఐ పెరిగి కనిపిస్తుంది కాబట్టి పొద్దున్నే, బండి కదలకముందే చూడండి.

నేల మట్టంగా ఉండటం ముఖ్యం. ఇంటి ముందు సిమెంటు నేల వాన నీళ్లు పోవడానికి వాలుగా పోసి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. చిత్తూరు వైపు గ్రానైటు లారీల కోసం, మామిడి లోడ్ల కోసం వేబ్రిడ్జిలు చాలా ఉన్నాయి. ఆ ప్లాట్‌ఫారం మట్టంగా ఉంటుంది. పైగా అక్కడే ముందు యాక్సిల్ బరువు, వెనక యాక్సిల్ బరువు విడివిడిగా తూయించుకోవచ్చు. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి ఒక చీటీ, బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక బరువు వస్తుంది. ఇనుప బంపరు, వించి వేసే ఆలోచన ఉంటే వాటి బరువు కలుపుకుని స్ప్రింగు ఎంచుకోవాలి. బరువు లేని బండికి బరువు స్ప్రింగు వేస్తే ఎత్తు 50 అనుకున్నది 70 అవుతుంది, ప్రతి గుంతకూ వీపు అదురుతుంది. మామిడి సీజన్లో మాత్రం వేబ్రిడ్జిల దగ్గర లారీల వరస ఉంటుంది, వేరే నెలల్లో వెళ్లండి.

బుష్ బోల్టులు: చక్రాలు నేల మీద ఉన్నప్పుడే

ఎక్కువగా జరిగే తప్పు ఇదే. దీనికి ఖర్చు లేదు, ఓపిక ఒక్కటే కావాలి.

యాక్సిల్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే ఆర్ముల చివర, లాటరల్ రాడ్ (అడ్డ కడ్డీ) చివర ఉండే రబ్బరు బుష్ బేరింగులా తిరగదు. మధ్యలోని ఇనుప గొట్టాన్ని బోల్టు బ్రాకెట్‌కు కరిపిస్తుంది, బయటి గొట్టం ఆర్ముకు పట్టి ఉంటుంది, మధ్యనున్న రబ్బరు మెలి తిరుగుతూ ఆర్మును కదలనిస్తుంది. ఆ మెలికకు హద్దు ఉంది. బండి స్టాండ్ల మీద ఉండి యాక్సిల్ వేలాడుతున్నప్పుడే బోల్టు బిగించేస్తే, వేలాడే కోణమే రబ్బరుకు సున్నా అవుతుంది. బండి కిందికి దించగానే రబ్బరు సగం మెలితిరిగి నిలబడుతుంది. గుంతలో ఇంకాస్త తిరిగేసరికి చిరుగుతుంది. అప్పటిదాకా ఆ మెలిక బండిని పైకి తోస్తూ ఉంటుంది కాబట్టి ఎత్తు కూడా దొంగ కొలతే వస్తుంది.

కాబట్టి బోల్టులన్నీ చేత్తో నట్టు ఎక్కించి వదిలేయండి. చక్రాలు వేసి బండిని నేలకు దించండి. ఒక్కో మూల మీద నిలబడి నాలుగైదు సార్లు గట్టిగా ఊపండి. బండిని రెండు మూడు మీటర్లు ముందుకు, వెనక్కు తోయండి. దించినప్పుడు టైర్లు పక్కలకు ఒరుసుకుని పట్టేసి ఉంటాయి, దొర్లితేనే వదులుతాయి. ఆ తర్వాత కింద దూరి టార్క్ రెంచితో బిగించాలి. గుంట ఉన్న షెడ్డు గానీ, చక్రాల మీద బండిని మోసే ర్యాంపు గానీ ఉంటే సులువు. రెండు కాళ్ల లిఫ్టు చాసిస్‌ను పట్టి లేపుతుంది, దాని మీద ఈ పని చేయకూడదు.

ఎన్ని న్యూటన్ మీటర్లు అన్నది బండి సర్వీసు మాన్యువల్లో ఉంటుంది, అదే ప్రమాణం. మాన్యువల్ దొరకని బ్రాకెట్ బోల్టులకు, 8.8 గ్రేడు అయితే, ఎం10 (10 మి.మీ. మందం) బోల్టుకు 45 నుంచి 50, ఎం12కి 80 నుంచి 85, ఎం14కి 130 దాకా వాడుకలో ఉన్న లెక్క. నైలాన్ నట్టు ఒకసారి విప్పితే కొత్తది వేయండి. బిగించిన ప్రతి నట్టుకూ బోల్టుకూ కలిపి గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. గీత చీలిందంటే నట్టు కదిలిందని చూడగానే తెలుస్తుంది.

యాక్సిల్ పక్కకు జరిగిందా?

జిమ్నీలో ముందూ వెనకా యాక్సిల్‌ను అడ్డంగా పట్టి ఉంచేది లాటరల్ రాడ్. ఒక కొన చాసిస్‌కు, రెండో కొన యాక్సిల్‌కు. బండి లేస్తే రాడ్డు వాలు పెరుగుతుంది, అడ్డంగా దాని పొడవు తగ్గుతుంది, యాక్సిల్ చాసిస్ కొన ఉన్న వైపుకు లాక్కుపోతుంది.

ఎంత జరుగుతుందన్నది రాడ్డు ముందే ఎంత వాలుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. 900 మి.మీ. రాడ్డు మొదట అడ్డంగా ఉండి 50 మి.మీ. లేస్తే జరిగేది 1.4 మి.మీ. మాత్రమే. అదే రాడ్డు మొదటే 60 మి.మీ. వాలుగా ఉంటే, లిఫ్ట్ తర్వాత వాలు 110 అయి, దాదాపు 5 మి.మీ. జరుగుతుంది. ముందు ఒక వైపుకు, వెనక ఇంకో వైపుకు జరిగితే బండి నిటారుగా పోతున్నట్టే ఉన్నా వెనక నుంచి చూస్తే ఓరగా పోతుంటుంది.

మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు తాడు ఒకటి చాలు. ఫెండర్ అంచు నుంచి, చక్రం మధ్యకు ఎదురుగా, గుండు వేలాడదీసి తాడుకూ రిమ్ముకూ మధ్య దూరం కొలవండి. స్టీరింగు నేరుగా ఉండాలి. కుడి వైపు 32, ఎడమ వైపు 22 వచ్చిందనుకోండి, తేడా 10, యాక్సిల్ జరిగింది అందులో సగం, 5 మి.మీ. ఈ సగం లెక్క మరిచిపోయి పదీ తిప్పేసేవాళ్లు ఉన్నారు, అప్పుడు తప్పు రెండో వైపుకు మారుతుంది. ఫెండర్లు కూడా ఫ్యాక్టరీ నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ వస్తాయి కాబట్టి 3 మి.మీ. లోపు తేడాను వదిలేయొచ్చు.

సర్దడానికి మర ఉన్న అడ్జస్టబుల్ రాడ్ కావాలి. మర 1.5 మి.మీ. పిచ్ అయి ఒక కొనకే ఉంటే ఒక చుట్టుకు 1.5 మి.మీ. పొడవు మారుతుంది. రెండు కొనలకూ కుడి, ఎడమ మరలు ఉంటే ఒక చుట్టుకు 3 మి.మీ. లోపల మిగిలే మర, బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు తగ్గకూడదు, ఎం20 అయితే 30 మి.మీ. లాక్ నట్టు బిగించేటప్పుడు రాడ్డును రెండో పానాతో పట్టి ఉంచాలి. లేకపోతే బుష్ తిరిగిపోయి మెలికతో నిలబడుతుంది.

స్టీరింగు చక్రం వంకర వేరే సంగతి. లిఫ్ట్‌తో డ్రాగ్ లింకు (స్టీరింగు బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ) వాలు కూడా పెరిగి, బండి నేరుగా పోతుంటే చేతిలో చక్రం పక్కకు తిరిగి ఉంటుంది. దాన్ని డ్రాగ్ లింకు మర తిప్పే సరిచేయాలి. రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ తిప్పితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మారుతుంది, టైర్లు అరుగుతాయి. స్టీరింగు చక్రాన్ని ఊడదీసి ఒక పన్ను జరిపి బిగించడం అసలే వద్దు. ఎయిర్ బ్యాగు సంగతి ఒకటైతే, ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉన్న బండిలో స్టీరింగు కోణం సెన్సరుకు నేరుగా ఉండటం అంటే ఏమిటో తెలియకుండా పోతుంది.

ఇంకొకటి. డ్రాగ్ లింకు, ముందు లాటరల్ రాడ్ వీలైనంత సమాంతరంగా ఉండాలి. రాడ్డు కొనను బ్రాకెట్ వేసి దించి, డ్రాగ్ లింకును అలాగే వదిలేస్తే, గుంతలో యాక్సిల్ లేచినప్పుడల్లా చక్రాలు వాటంతట అవే తిరుగుతాయి. ఆ బ్రాకెట్ వేయకముందు రెండింటి కోణాన్నీ కొలిచి చూడండి.

క్యాస్టర్, ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ

మలుపు తిరిగాక వదిలేస్తే స్టీరింగు దానంతట అది మధ్యకు రావడానికి కారణం క్యాస్టర్, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం పక్కకు తిరిగే నిలువు ఇరుసు (కింగ్ పిన్) పై భాగం వెనక్కు వాలి ఉండటం. జిమ్నీ ముందు యాక్సిల్‌ను రేడియస్ ఆర్ములు పట్టి ఉంచుతాయి, వాటి రెండో కొన వెనక చాసిస్‌కు ఉంటుంది. చాసిస్ లేస్తే ఆర్ము వెనక కొన లేచి, దానితో యాక్సిల్ మొత్తం ముందుకు దొర్లుతుంది. ఆర్ము 750 మి.మీ. అనుకుంటే 50 మి.మీ. లిఫ్ట్‌కు పోయేది 3.8 డిగ్రీలు. కంపెనీ ఇచ్చిన క్యాస్టరే కొన్ని డిగ్రీలు, అందులో ఇంత పోతే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. తిరుపతి–చిత్తూరు హైవే మీద లారీ పక్క నుంచి దాటగానే బండి ఊగడం, మలుపు తర్వాత స్టీరింగును చేత్తో తిప్పి మధ్యకు తేవాల్సి రావడం దీని గుర్తులు.

డిజిటల్ యాంగిల్ గేజి ఒకటి కొనండి. యాక్సిల్ మీద నునుపైన ఒక చోటు ఎంచుకుని పెయింటుతో గుర్తు పెట్టి, లిఫ్ట్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అక్కడే పెట్టి చూడండి. రెండింటి తేడాయే పోయిన క్యాస్టర్. అలైన్‌మెంటు సెంటర్లో అడిగేటప్పుడు కూడా టో ఒక్కటే చూసి పంపకుండా, క్యాస్టర్ అంకెలు ఉన్న ప్రింటు ఇవ్వమనండి.

సరిచేసే దారులు మూడు. బెజ్జం పక్కకు ఉన్న బుష్‌లు ఆర్ములో ప్రెస్సుతో ఎక్కించడం చవకైనది, రెండు మూడు డిగ్రీలు తిరిగి వస్తాయి. ఇందులో జరిగే ఘోరం ఒకటుంది: బుష్‌ను తలకిందులుగా నొక్కితే క్యాస్టర్ పెరగడానికి బదులు ఇంకా పోతుంది. ప్రెస్సు షాపులో వదిలి రాకుండా, ఏ వైపు బెజ్జం రావాలో ఆర్ము మీద సుద్దతో గీసి, దగ్గరుండి చేయించండి. బిగించాక గేజి మళ్లీ పెట్టి చూడండి. రెండోది, ఆర్ము వెనక కొనను దించే బ్రాకెట్లు. కోణం బాగా వస్తుంది, కానీ బ్రాకెట్ కిందికి వేలాడి రాళ్లకు తగులుతుంది. క్వారీ దారుల్లో తిరిగే బండికి ఇది మంచిది కాదు. మూడోది, కోణం సరిచేసి తయారుచేసిన ఆర్ములు. ఖరీదు ఎక్కువే, డబ్బు పెట్టగలిగితే ఇవే వేయండి.

క్యాస్టర్ పూర్తిగా వెనక్కు తేవాలని పట్టుబట్టకండి. యాక్సిల్‌ను వెనక్కు దొర్లించే కొద్దీ డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగి, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (గేరు వైపు నుంచి యాక్సిల్‌కు శక్తి తెచ్చే తిరిగే గొట్టం) జాయింటు కోణం పెరుగుతుంది. ఫోర్ వీల్ వేసి 40 దగ్గర గుర్రుమనే శబ్దం వస్తే అదే కారణం. ఒక డిగ్రీ తక్కువైనా ఫరవాలేదు, జాయింటు హాయిగా ఉండటం మేలు.

స్టీరింగు చేతుల్లో గడగడ కొట్టుకుంటుంటే స్టీరింగు డ్యాంపర్ మార్చి సరిపెట్టుకోవద్దు, అది రోగాన్ని దాస్తుంది. లాటరల్ రాడ్ బోల్టుల వదులు, కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ చివర్లు, వీల్ బ్యాలెన్సు, ఆ వరుసలో చూసుకుంటూ పోండి.

థార్ ముందు భాగం

2020 తర్వాతి థార్‌కు వెనక రిజిడ్ యాక్సిలే అయినా, ముందు రెండు విష్‌బోన్‌ల (పైనా కిందా ఒక్కో ఆర్ము) ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే చక్రాలు విడివిడిగా కదులుతాయి. ఇక్కడ క్యాస్టర్ కంటే ముందు చూడాల్సింది సీవీ జాయింటు (చక్రానికి శక్తి పంపే షాఫ్టు చివరి జాయింటు) కోణం. స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసిన భాగం) పైన వేసే స్పేసర్ మందం ఎంతో, చక్రం దగ్గర లేచేది దానికంటే ఎక్కువ. ఎందుకంటే స్ట్రట్ కింది ఆర్ముకు చక్రం కంటే లోపల పట్టి ఉంటుంది. అందుకే 50 మి.మీ. లిఫ్ట్ కావాలని 50 మి.మీ. స్పేసర్ వేయకూడదు. చక్రం పూర్తిగా వేలాడదీసి చేత్తో తిప్పి చూడండి. జాయింటు పట్టేసినా, రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి ఒరుసుకున్నా ఎత్తు తగ్గించాల్సిందే. పై ఆర్ము స్ప్రింగుకు తగలకూడదు. ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం పై భాగం లోపలికో బయటికో వాలడం), టో, క్యాస్టర్ మూడూ మారతాయి కాబట్టి నాలుగు చక్రాల అలైన్‌మెంటు తప్పదు.

2020కి ముందరి థార్ సీఆర్‌డీఈ మోడల్‌కు ముందు టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ), వెనక కమాను కట్ట (లీఫ్ స్ప్రింగు). టార్షన్ బార్ బోల్టు తిప్పితే బండి లేస్తుంది, కానీ బార్ గట్టిపడదు. చక్రం కిందికి వేలాడే ప్రయాణం మాత్రం అంతకు అంత తగ్గుతుంది. 25, 30 మి.మీ. దాటించకండి. బరువు దాని మీద ఉండగా బోల్టు తిప్పితే మర నలిగిపోతుంది, జాకీతో లేపి చక్రాలు వేలాడదీసే తిప్పాలి. రెండు వైపులా ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి. దించి, దొర్లించి, అప్పుడు కొలవండి.

కమాను కట్టలు ఉన్న జిప్సీ, జీపు, బొలెరో వెనక భాగం సంగతి క్లుప్తంగా. షాకిల్ (కట్ట ఒక కొనను చాసిస్‌కు వేలాడదీసే లంకె) 50 మి.మీ. పొడవు చేస్తే బండి లేచేది సగమే, 25. ముందు కట్టకు షాకిల్ ముందు వైపు ఉన్న బండిలో పొడవు షాకిల్ క్యాస్టర్‌ను తగ్గిస్తుంది. ఎత్తు కోసం కట్టకూ యాక్సిల్‌కూ మధ్య బ్లాకు (ఇనుప దిమ్మ) మీద బ్లాకు పెట్టడం, ముందు యాక్సిల్‌కు బ్లాకు వేయడం ప్రాణాంతకం. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకసారి గుంజిన పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు.

షాకు మూసుకునే ముందు బంప్ స్టాపు తగలాలి

పొడవాటి షాకు వేలాడేటప్పుడు ఎక్కువ సాగుతుంది సరే, పూర్తిగా మూసుకున్నప్పుడు కూడా పాతదానికంటే పొడవే ఉంటుంది. పాతది, కొత్తది మూసి పక్కపక్కన పెట్టి కొలవండి. తేడా 25 మి.మీ. అయితే బంప్ స్టాపు (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) కూడా కనీసం 25, ఇంకో 5 కలిపి, కిందికి రావాలి. లేకపోతే పెద్ద గుంతలో బండి బరువంతా షాకు లోపలి వాల్వు మీద పడి పగులుతుంది, రాడ్డు వంగుతుంది, నూనె కారుతుంది. సరిచూడటానికి షాకు రాడ్డుకు ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి తోట బాటలో రెండు కిలోమీటర్లు నడపండి. ఎంతవరకు మూసుకుందో ఆ టై చెబుతుంది. చివరికి 10 మి.మీ. కంటే తక్కువ మిగిలితే స్టాపు పొడవు పెంచండి.

తర్వాత చాసిస్‌ను లేపి యాక్సిల్ పూర్తిగా వేలాడదీయండి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు, బ్రీదర్ (యాక్సిల్‌లోకి గాలి ఆడే) పైపు, డిఫరెన్షియల్ లాకు వైరు ఉంటే అదీ, ఏదీ బిగుతుగా లాగకూడదు. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి కూడా చూడండి. గొట్టం సాగదీసి నెట్టుకురావడం ఈ పనిలో క్షమించలేని తప్పు.

డ్యాంపింగ్ (షాకు గట్టిదనం) మార్చే మీట ఉన్న షాకులైతే ముందు పూర్తిగా మూసి, క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ తెరిచి, మధ్యలో మొదలుపెట్టండి. ఒకేసారి రెండు క్లిక్కులే, అదీ ముందు జతకో వెనక జతకో ఒకదానికే మార్చండి. గుంత దాటాక బండి ఇంకో రెండుసార్లు ఊగితే రీబౌండ్ (మూసుకున్న షాకు తిరిగి సాగేటప్పుడు ఇచ్చే అడ్డు) పెంచాలి. వరస గతుకుల మీద బండి క్రమంగా కుంగిపోయి గట్టిపడితే రీబౌండ్ ఎక్కువైనట్టు, తగ్గించాలి. మీటలు ముట్టుకోకముందు టైరు గాలి సరిచూడండి. కంకర దారికి 22 నుంచి 24, ఏటి ఇసుకలో 15 నుంచి 18 పీఎస్‌ఐ, తారు రోడ్డెక్కగానే మళ్లీ స్టిక్కరు మీదున్నంత.

బ్రేకు, దీపాలు

ఏబీఎస్ లేని పాత బండ్లలో చాలావాటికి వెనక యాక్సిల్ నుంచి చాసిస్ మీది వాల్వుకు ఒక చిన్న కడ్డీ ఉంటుంది. బరువు ఎక్కి బండి కుంగితే వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి పంపడం దాని పని. లిఫ్ట్ వేశాక బండి ఎప్పుడూ ఖాళీగా ఉందనే అనుకుని వెనక బ్రేకును తగ్గించేస్తుంది. మైదానంలో తెలియదు. భాకరాపేట ఘాట్‌లోనో హార్సిలీ హిల్స్ దిగేటప్పుడో ముందు బ్రేకులే మొత్తం మోసి కాలిపోయి పెడల్ మెత్తబడుతుంది. కడ్డీ బ్రాకెట్‌ను లిఫ్ట్ ఎంతో అంత సర్దండి. పరీక్ష ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో మొదలుపెట్టి చేయండి. తిరుమల ఘాట్ భక్తుల దారి, సెట్టింగు కుదరని బండితో ఎక్కకండి.

దీపాలకు పది నిమిషాలు చాలు. గోడకు 5 మీటర్ల దూరంలో మట్టమైన నేల మీద నిలిపి, నేల నుంచి హెడ్‌ల్యాంపు మధ్య వరకు కొత్త ఎత్తు కొలవండి. గోడ మీద అంతకంటే 50 మి.మీ. కిందుగా టేపు అంటించండి. లోపలి లెవెల్ మీట సున్నాలో పెట్టి, డిప్ వెలుగు పై అంచు ఆ టేపు మీదికి వచ్చేలా ల్యాంపు వెనక స్క్రూ తిప్పండి.

100, 500, 1000 కిలోమీటర్లకు

మొదటి 100 కిలోమీటర్లకే బోల్టులన్నీ టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. కొత్త పెయింటు పొర నలిగి బ్రాకెట్లు కూర్చుంటాయి, యూ బోల్టులు సాగుతాయి. 500కి ఇంకోసారి. లాటరల్ రాడ్ బోల్టులు, డ్రాగ్ లింకు లాక్ నట్టు మాత్రం ప్రతి ఆఫ్‌రోడ్ ప్రయాణం తర్వాతా చూడటం అలవాటు చేసుకోండి.

గుంతల్లో టక్ టక్ మంటే ముందు షాకు పై నట్టు, తర్వాత స్ప్రింగు కొన దాని గాడిలో కూర్చుందా లేదా చూడండి. కీచుమంటే బుష్. వేగం పెరిగే కొద్దీ పెరిగే వణుకైతే ప్రొపెల్లర్ షాఫ్టు.

1000 కిలోమీటర్లకు స్ప్రింగులు 5 నుంచి 15 మి.మీ. కుంగి స్థిరపడతాయి. అలైన్‌మెంటు అసలు చేయించాల్సింది అప్పుడే. కిట్ వేసిన రోజు చేయించేది బండి నడవడానికి మాత్రమే. మొదటి రోజు రాసి అంటించిన టేపుల దగ్గర మళ్లీ కొలవండి. కుడి, ఎడమల తేడా 10 మి.మీ. లోపు ఉంటే డ్రైవరు బరువు, ట్యాంకు ఉన్న వైపు కలిసి చేసేదే, వదిలేయండి. అంతకు మించితే కుంగిన వైపు స్ప్రింగు కింద 5 మి.మీ. ప్యాకర్ (ఎత్తు సరిచేసే బిళ్ల) వేసి, ఆ మూలనున్న బుష్ బోల్టులు వదులు చేసి, చక్రాలు నేల మీద పెట్టి మళ్లీ బిగించండి.